ఆగమంటున్నాం సరే, ఎట్లా ఆగాలో చెప్పామా?

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. మేం నాగోల్‌లో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పాపకి ఐదేళ్లు. మావారికి రాయదుర్గంలో ఉద్యోగం, రోజూ మెట్రోలో వెళ్లొస్తారు, ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. నేను ఉప్పల్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా అత్తమ్మ మాతోనే ఉంటారు. బాబు తెలివైనవాడే కానీ దేనికీ ఆగలేడు. ‘తర్వాత’ అంటే వినడు, అన్నీ ఇప్పుడే కావాలి. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు ఎత్తి కాయిన్లన్నీ పారబోస్తాడు. హోంవర్కులో ఒక అక్షరం తప్పు పోతే రబ్బరుతో పేజీ చిరిగేదాకా రుద్దుతాడు, ఆ తర్వాత పుస్తకం విసిరేస్తాడు. లెక్కలు చేసేటప్పుడు తనలో తాను గొణుక్కుంటాడు, అది వాళ్ల డాడీకి చిరాకు. ఫోన్ తీసుకుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఐదింటికి స్కూల్ బస్సు దిగుతాడు, ఐదున్నర నుంచి ఏడింటిదాకా ట్యూషన్, తర్వాత హోంవర్క్, తిని పడుకునేసరికి పదకొండు, పొద్దున ఆరింటికి లేపాలి. ఈ నెలలో మూడోసారి డైరీలో కంప్లయింట్ వచ్చింది, లైన్‌లో ముందున్న బాబును తోసేశాడట. మా అత్తమ్మ ‘మగపిల్లాడు, కోపం ఉంటది’ అంటారు, ఏడిస్తే ఫోన్ ఇచ్చేస్తారు. మావారు ‘రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి’ అంటారు. పోయిన వారం నేనే చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు, నావంక చూస్తూ అలాగే నిలబడిపోయాడు. ఆ చూపు మర్చిపోలేకపోతున్నాను. మా పెంపకంలో లోపమా? డాక్టర్‌కి చూపించాలా? హాస్టల్లో వేస్తే క్రమశిక్షణ వస్తుందని మా తోడికోడలు అంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ రబ్బరు దగ్గర ఆగిపోయాను.

చదువంటే లెక్కలేని పిల్లాడు పేజీ చిరిగేదాకా రుద్దడు. తప్పు పోతే పోయిందిలే అని పక్క లైనుకి వెళ్లిపోతాడు. మీ బాబు అలా వెళ్లలేకపోతున్నాడు. పెన్సిల్ గీత చెరిగినా కాగితం మీద దాని గాడి మిగులుతుంది. అది కూడా పోవాలని ఇంకాస్త గట్టిగా రుద్దుతాడు. చెమట చేతి కింద కాగితం నల్లబడి, పలచబడి, చివరికి చిరుగుతుంది. ఇందాకటిదాకా ఒక్క అక్షరమే తప్పు, ఇప్పుడు పేజీకి పేజీయే పోయింది. అప్పుడు పుస్తకం విసురుతాడు. మనకు కనపడేది ఆ విసరడమే. అంతకుముందు ఐదు నిమిషాలు వాడు తనతో తాను పడ్డ పెనుగులాట కనపడదు. కనపడదు కాబట్టి ‘కోపిష్టి’ అని పేరు పెట్టేస్తాం.

నేనూ అలా పేర్లు పెట్టినదాన్నే. టీచర్‌గా చేరిన కొత్తలో మా మూడో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. నోట్లోంచి మాట రాకముందే చెయ్యి లేచేది. ఒకరోజు పక్కవాడి అన్నం డబ్బా తోసేస్తే, వాడి భుజాలు పట్టుకుని ‘నిన్ను నువ్వు కంట్రోల్ చేసుకోవాలి, తెలుస్తోందా?’ అని అరిచాను. వాడు తలెత్తి ‘ఎట్లా టీచర్?’ అన్నాడు. ఎదురు చెప్పాడని అప్పుడు అనుకున్నాను. పాపం, వాడు తెలియకే అడిగాడు. నా దగ్గర జవాబు లేక తీసుకెళ్లి క్లాసు బయట నిలబెట్టాను. దానికి ఇప్పటికీ బాధపడతాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు పిల్లల మధ్య ఉండి నేర్చుకున్నదంతా, ఆ బాబుకి ఇవ్వలేకపోయిన జవాబే. ఇప్పుడు మీకు రాస్తున్నదీ అదే.

మన భాషలో రెండు మాటలున్నాయి. ఏడ్చే బిడ్డను పెద్దవాళ్లు సముదాయిస్తారు. ఆ బిడ్డే పెద్దయ్యాక తనంతట తాను తమాయించుకుంటాడు. మొదటిది కొన్నేళ్లపాటు చేతినిండా అందితేగానీ రెండోది రాదు. ఆలోచించి ఆగే పనిని మెదడులో నుదుటి వెనక ఉండే భాగం చూసుకుంటుంది. మెదడులో ఆలస్యంగా ఎదిగే భాగాల్లో అదొకటి, ఇరవై ఐదేళ్లు దగ్గరపడేదాకా దాని పని పూర్తికాదు. తొమ్మిదేళ్లకి అది ఇంకా స్లాబ్ పడని ఇల్లు. అందాకా పిల్లలు నిదానాన్ని పక్కనున్న పెద్దవాళ్ల దగ్గర అరువు తెచ్చుకుంటారు. ఆ సమయానికి మన దగ్గర అరుపు ఉంటే అరుపే తీసుకుంటారు.

అందుకని హాస్టల్ మాట ముందే తీసేయండి. అక్కడ భయానికి అణిగి ఉండొచ్చు. భయం ఉన్నంతసేపు ఆగడం వేరు, ఎవరూ చూడకపోయినా ఆగగలగడం వేరు. అరువు తెచ్చుకునే వయసులో ఇచ్చే మనుషులను దూరం చేయడం నాకు సమ్మతం కాదు. పెంపకంలో లోపమా అని అడిగారు. లోపమని నేను అనను. ఇంట్లో కొన్ని అలవాట్లు మార్చాలి, వాటిలో ఎక్కువ పెద్దవాళ్లవే.

మొదటిది, వాడికి మీరు ఇచ్చే మాటలు.

‘ఐదు నిమిషాలు ఆగు నాన్నా, వస్తున్నా’ అంటాం. ఇంతలో కుక్కర్ కూస్తుంది, ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, పాప ఏదో ఒలకబోస్తుంది. ఐదు నిమిషాలు అరగంటవుతుంది. వాడు వచ్చి మళ్లీ అడిగితే ‘ఒక్క పూట ఆగలేవా?’ అంటాం. వాడు ఆగాడు, మనమే రాలేదు. ఇలా వందసార్లు జరిగాక ‘తర్వాత’ అనే మాటకు వాడి నిఘంటువులో ‘ఇక లేదు’ అనే అర్థం స్థిరపడిపోతుంది. అలాంటప్పుడు ఇప్పుడే కావాలని గొడవ చేయడం వాడి లెక్కలో తెలివైన పనే.

1960ల చివర అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన ప్రయోగం గురించి మీరు ఎక్కడో వినే ఉంటారు. పిల్లాడి ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి తీపి ఒకటి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తానని చెప్పి పెద్దవాళ్లు వెళ్లిపోతారు. ఆగినవాళ్లే జీవితంలో పైకొస్తారు అని ఆ కథను ఊరూరా చెప్తుంటారు. అది అంత సూటి వ్యవహారం కాదు. 2018లో తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ పరిశీలించినప్పుడు, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

నాకు కళ్లు తెరిపించింది 2013లో వచ్చిన మరో పరిశోధన. రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 28 మంది చిన్నపిల్లలను తీసుకుని రెండు జట్లు చేశారు. బొమ్మలు వేసుకోవడానికి ఇంకా మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తాం, కాస్త ఆగండి అని రెండు జట్లకీ చెప్పారు. ఒక జట్టుకి చెప్పినట్టే తెచ్చారు. ఇంకో జట్టు దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి ‘సారీ, లేవు’ అన్నారు. ఆ తర్వాత అందరికీ అదే మార్ష్‌మాలో పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి ముందు పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి ముందు మూడు నిమిషాలు. మొదటి జట్టులో 14 మందిలో 9 మంది పదిహేను నిమిషాలూ పూర్తిగా ఆగితే, రెండో జట్టులో ఒక్కరే ఆగారు. కాసేపటి అనుభవానికే ఇంత తేడా. మన ఇళ్లల్లో అది ఏళ్ల తరబడి జరుగుతుంది.

కాబట్టి రెండు వారాలపాటు ఒక్క పని చేయండి. చేయగలిగిన మాటే ఇవ్వండి. నిమిషాలతో చెప్పకండి, పనితో చెప్పండి. ‘పోపు పెట్టి, స్టవ్ ఆపి నీ దగ్గరికి వస్తా’ అనండి, స్టవ్ ఆపిన వెంటనే చేయి తుడుచుకుంటూ వెళ్లండి. వాడు పిలవకముందే వెళ్లండి. కుదరదని తెలిస్తే వాడు అడిగేలోపు మీరే చెప్పండి, ‘ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఇరుక్కుపోయాను నాన్నా, ఈరోజు పార్కుకి టైం లేదు, రేపు పొద్దున నీతో కింద పది నిమిషాలు షటిల్ ఆడతా’ అని. రేపు పొద్దున ఆడండి. బెదిరింపులూ ఇచ్చిన మాటలే. ‘ఇంకోసారి చేశావంటే టీవీ అమ్మేస్తా’ అంటే అది అమ్మరని మీకంటే ముందు వాడికే తెలుసు. అలాంటివి పూర్తిగా మానేయండి.

రెండోది నిద్ర. పదకొండు నుంచి ఆరు అంటే ఏడు గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. మీ బాబుకి రోజుకి కనీసం రెండు గంటలు తక్కువ పడుతోంది. రెండు గంటల నిద్ర తగ్గితే మనమే ఆఫీసులో ఎదుటివాళ్ల మీద కస్సుమంటాం. నా మాట విని ట్యూషన్ మానిపించండి. తెలివైనవాడని మీరే రాశారు, నాలుగో తరగతికి ట్యూషన్ లేకపోతే మునిగిపోయేదేమీ లేదు. ఆ గంటన్నరలో గంట కింద ఆడుకోనివ్వండి. తర్వాత హోంవర్క్, ఎనిమిదికి అన్నం, తొమ్మిదింటికి పక్క. బస్సు దిగగానే ‘డైరీ చూపించు’ అనకుండా ముందు ఏదన్నా తినడానికి పెట్టండి. పొద్దుటి నుంచి స్కూల్లో ఆగి ఆగి వచ్చినవాడు ఇంటికొచ్చాకే బద్దలవుతాడు. మీ మీద నమ్మకం ఉండబట్టే మీ దగ్గర బద్దలవుతాడు, అది గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు గొడవ జరిగేటప్పుడు ఏం చేయాలి? చాలా తక్కువ చేయాలి. ఆ పది నిమిషాల్లో ఏ పాఠమూ చెవికెక్కదు. పాపను పక్కకు పంపండి, దగ్గర్లో ఉన్న గ్లాసులూ వస్తువులూ తీసేయండి, వాడి ఎత్తుకి కూర్చోండి. ‘పేజీ చిరిగింది. చాలా ఉక్రోషంగా ఉంది నీకు’ అనండి. అంతే, ఆపేయండి. విసరబోతుంటే చెయ్యి మెత్తగా పట్టుకుని ‘విసరనివ్వను’ అనండి, ఒక్కసారే, మామూలు గొంతుతో. ‘ఎందుకు చేశావ్?’ అని మాత్రం అప్పుడు అడగకండి. ఎందుకో వాడికే తెలియదు.

ఉక్రోషం అనే మాట కావాలనే వాడాను. మనం అన్నిటినీ కోపం అనే ఒకే సంచిలో వేస్తాం. ఓడిపోతే వచ్చేది ఉక్రోషం. చెల్లిని ఎత్తుకుంటే వచ్చేది ఈర్ష్య. అందరి ముందూ తిడితే కలిగేది అవమానం. డాడీ రాలేదని ఉండేది బెంగ. నిద్ర చాలక వచ్చేది చిరాకు. దేని మందు దానిదే. బెంగకి ఒళ్లో కాసేపు కూర్చోబెట్టుకోవాలి, చిరాకుకి పడుకోబెట్టాలి. పేరు తెలిస్తే పిల్లాడు విసరడానికి బదులు చెప్పగలుగుతాడు. భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భయాన్నీ కోపాన్నీ రేపే భాగం హడావుడి తగ్గుతుందని 2007లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన మెదడు స్కాన్ల పరిశోధనలో చూశారు. మా నానమ్మలకు స్కాన్లు తెలియవు కానీ ‘ఏంట్రా, ఉక్రోషమా?’ అని అడగడం తెలుసు.

ఊపిరి సంగతి కూడా చెప్తాను. ‘డీప్ బ్రీత్ తీసుకో’ అని గొడవ మధ్యలో చెప్తే ఇంకా మండిపోతారు. మామూలుగా ఉన్నప్పుడు, పొద్దున టిఫిన్ దగ్గర, వేడి ఉప్మాను ఎలా ఊదుతామో అలా నెమ్మదిగా, పొడుగ్గా ఊదడం ఆటలా ఆడించండి. ఎవరి ఊదుడు ఎక్కువసేపు ఉంటుందో చూడండి. గాలి వదలడం పొడుగైతే గుండె దడ నెమ్మదిస్తుంది. బాగా అలవాటయ్యాక, గొడవప్పుడు మీరు ఏమీ అనకుండా మీ అరచేయి ముందు పెట్టుకుని ఊదితే చాలు, వాడికి గుర్తొస్తుంది.

లెక్కలప్పుడు గొణుక్కుంటాడని రాశారు. దయచేసి దాన్ని ఆపించకండి. ‘ముందు ఇవి కలపాలి, తర్వాత ఒకటి పైకి...’ అని వాడు తనకు తాను దారి చెప్పుకుంటున్నాడు. రష్యాకు చెందిన వైగోత్స్కీ అనే మనస్తత్వవేత్త తొంభై ఏళ్ల కిందటే దీని గురించి రాశాడు. పిల్లలు ముందు పెద్దవాళ్ల మాటతో నడుస్తారు, తర్వాత పైకి తమ మాటతో నడుస్తారు, చివరికి ఆ మాట లోపలికి వెళ్లి ఆలోచన అవుతుంది. మీ బాబు మధ్య మెట్టు మీద ఉన్నాడు. ఆ గొణుగుడులోకి మనం ఒకట్రెండు మంచి మాటలు అందించాలి. తప్పు పోయినప్పుడు ‘ఛీ, నేను వేస్ట్’ అనుకునేవాడికి ‘ఒక గీత కొట్టి పక్కన రాస్తా’ అనే మాట ఇవ్వండి. అన్నట్టు, ఇంట్లో హోంవర్క్ దగ్గర రబ్బరు తీసేసి, తప్పు మీద ఒక్క అడ్డగీత చాలని వాళ్ల క్లాస్ టీచర్ చేత చెప్పించండి. మనం చెప్తే నమ్మరు, టీచర్ చెప్తే నమ్ముతారు.

ఓటమిని తట్టుకోవడం మాటలతో రాదు, ఓడిపోతూ ఉంటేనే వస్తుంది. కాకపోతే చిన్న చిన్న ఓటములు కావాలి. క్యారమ్ బోర్డు కొన్నాళ్లు మంచం కింద పెట్టండి, అత్తమ్మ గారిని అష్టాచెమ్మా గీయమనండి. క్యారమ్స్‌లో ఓడితే నా చేతకానితనం అనిపిస్తుంది. అష్టాచెమ్మాలో చింతగింజలు ఎట్లా పడితే అట్లా, దాంట్లో ఎవరి తప్పూ ఉండదు, అందుకని అది మెత్తని ఓటమి.

మా మనవడికి ఏడేళ్లు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు వాడి కాయ పండటానికి రెండు గళ్ల దూరంలో ఉండగా నేను చంపాను. అంతకుముందు రెండుసార్లు గడులు చెరిపేసి ఏడ్చాడు. ఆ రోజు ఆట మొదలుకాకముందే ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం, ‘నా కాయ చస్తే, నేను వెళ్లి కుండలో నీళ్లు తాగి వస్తా’ అని. కాయ చచ్చింది. వాడి గుప్పిట్లో నాలుగు గింజలున్నాయి. గుప్పిట బిగుసుకుంది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, కింది పెదవి వణికింది. నేనేమీ అనలేదు. లేచాడు. గింజలు చేతిలో పట్టుకునే వంటింట్లోకి వెళ్లాడు, గ్లాసు చప్పుడైంది. తిరిగొచ్చి గింజలు నా ముందు పెట్టి ‘నీ ఆట, అమ్మమ్మా’ అన్నాడు. అవి చెమటకు తడిసిపోయి ఉన్నాయి. మీ బాబు రుద్దే పేజీ గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గింజలే.

‘ఇలా జరిగితే, నేను ఇది చేస్తా’ అని ముందే అనుకోవడానికి చాలా బలం ఉంది. జర్మనీకి చెందిన పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు దీని మీద ఏళ్లకేళ్లు పనిచేశాడు. ‘ఇకనుంచి మంచిగా ఉంటా’ అనే ఒట్టు గాలికి పోతుంది. ‘లైన్‌లో ఎవరన్నా తగిలితే, నా చేతులు జేబులో పెట్టుకుంటా’ అనేది నిలబడుతుంది. కానీ ఆ ప్లాన్ వాడి నోటి నుంచి రావాలి. మీరు రాసి గోడకు అంటిస్తే అది ఇంకో హోంవర్క్ అవుతుంది.

పిల్లలిద్దరితో ‘తల అంటే కాళ్లు, కాళ్లు అంటే తల’ ఆట కూడా ఆడించండి. తల పట్టుకో అంటే కాళ్లు పట్టుకోవాలి, కాళ్లు అంటే తల. పిల్లల నిగ్రహాన్ని కొలవడానికి పరిశోధకులు వాడేది దాదాపు ఇదే ఆట. చెల్లికి ఐదేళ్లు కాబట్టి దానికి సరిగ్గా సరిపోతుంది, బాబును ఆట నడిపించే లీడర్‌ని చేయండి. ఆజ్ఞలు ఇచ్చేవాడికి ఆగడం విలువ తొందరగా తెలుస్తుంది. స్టాచ్యూ ఆట, ఏడు పెంకులాట, కోకో అన్నీ మంచివే. కోకోలో ‘ఖో’ అనేదాకా కూర్చున్నచోటి నుంచి కదలకూడదు, ఒళ్లంతా పరుగెత్తాలని ఉన్నా సరే. అంతకంటే గొప్ప కోచింగ్ ఏముంటుంది?

ఫోన్ గురించి ఎక్కువ రాయను, ఒకటే చెప్తాను. షార్ట్‌లకీ రీల్స్‌కీ చివర ఉండదు. చివర లేనిదాన్ని మధ్యలో తుంచితే పెద్దవాళ్లకే ప్రాణం ఉసూరుమంటుంది. ఫోన్ ఇవ్వకుండా ఉండలేని రోజు, ఆది అంతం ఉన్న ఒక ఎపిసోడ్ పెట్టండి. అయిపోయాక మీరు లాక్కోవద్దు. వాడే ఆపి, వాడే తెచ్చి చార్జింగ్‌కి పెట్టాలి. ఆపేది వాడి వేలే కావాలి.

అత్తమ్మ గారి సంగతి. ఏడిస్తే ఆవిడకు మనసు కరుగుతుంది, అందులో తప్పేముంది? కాకపోతే నాలుగుసార్లు వద్దని ఐదోసారి ఇస్తే, ఐదోసారిదాకా ఏడవాలని పిల్లాడు నేర్చుకుంటాడు. ఆవిడకు ఈ మాట మీరు చెప్తే పంతంగా మారవచ్చు, మీవారితో చెప్పించండి. ఊరికే ‘ఫోన్ ఇవ్వకమ్మా’ అంటే ఆవిడ చేతులు కట్టేసినట్టే. ఫోన్‌కి బదులు అష్టాచెమ్మా, రాత్రి కథ ఆవిడ చేతిలో పెట్టండి. కథను సరిగ్గా రాక్షసుడు తలుపు కొట్టేచోట ఆపి ‘మిగతాది రేపు’ అనమనండి. ఆవిడ మాట తప్పరు కాబట్టి ఆ రేపు కోసం వాడు ఆగుతాడు చూడండి. ‘మగపిల్లాడు, కోపం ఉంటది’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదని నా గట్టి అభిప్రాయం. వాడు ఆ మాట నమ్మి పెరుగుతాడు, ఐదేళ్ల చెల్లి కూడా అది విని మగవాళ్ల కోపం భరించాల్సిందే అనుకుంటూ పెరుగుతుంది. ఇద్దరికీ అన్యాయమే.

మీవారికి, మెట్రోలో సీటు దొరికినప్పుడు ఇది చదవమని ఇవ్వండి. అయ్యా, కొడితే పిల్లాడు ఆగుతాడు, నిజమే. ఎందుకు ఆగాడంటే మీ చెయ్యి పెద్దది కాబట్టి. వాడి చెయ్యి కూడా లైన్‌లో ముందున్న చిన్నవాడి కంటే పెద్దదే. బడిలో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యా హక్కు చట్టం 2009, 17వ సెక్షన్ కింద నిషిద్ధం. ఇంట్లో వేరే న్యాయం ఎందుకుండాలి? మీరు ఎనిమిదిన్నరకి వస్తారు, వాడు తొమ్మిదింటికి పడుకోవాలి. ఆ అరగంటలో ‘హోంవర్క్ అయిందా? కంప్లయింట్ వచ్చిందా?’ అని అడగకుండా ఉండగలరా? మీకు ఆఫీసులో ఆ రోజు చిరాకు ఎక్కడ వచ్చిందో, దాన్ని ఎలా దిగమింగుకున్నారో రెండు ముక్కల్లో వాడికి చెప్పండి. ‘మా మేనేజర్ అందరి ముందూ ఒక మాట అన్నారు, నాకు మండింది, లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి మాట్లాడాను’ అని. తమాయించుకోవడం అంటే ఏంటో వాడికి చూపించగలిగేది మీరే, వాడికి హీరో మీరే కాబట్టి.

స్కూల్‌కి వెళ్లండి, కానీ ‘మావాడిని మీరే దారిలో పెట్టండి’ అని చెప్పి రాకండి. మూడు కంప్లయింట్లూ ఏ పీరియడ్‌లో, ఎవరి పక్కన, దేని తర్వాత వచ్చాయో అడగండి. మూడూ లంచ్‌కి ముందే అయితే అది ఆకలి. మూడుసార్లూ ఒకే బాబు ముందున్నాడంటే అక్కడ వేరే కథ ఉంది, వాడిని ఎవరో ఏడిపిస్తూ ఉండొచ్చు. లైన్‌లో మొదట్లోనో చివర్లోనో నిలబెట్టమనండి, నోట్‌బుక్కులు పంచే పని ఇవ్వమనండి. మధ్యలో నలుగుతూ నిలబడటం కొంతమంది పిల్లలకు నిజంగానే కష్టం.

డాక్టర్ విషయం. ముందు కళ్లు చూపించండి. రాతపని దగ్గరే ఇంత గొడవ అవుతోందంటే రాయడమే వాడికి కష్టంగా ఉందేమో చూడాలి. అక్షరాలు తారుమారు అవుతున్నాయా, నోటితో గబగబా చెప్పేది రాయడానికి మాత్రం తంటాలు పడుతున్నాడా గమనించండి. అలా అయితే అది కోపం సమస్య కాదు, నేర్చుకోవడంలో ఇబ్బంది, దానికి వేరే సాయం ఉంది. నిలకడ లేకపోవడం, ఆగలేకపోవడం ఆరు నెలలకు మించి, ఇంట్లోనూ బళ్లోనూ కూడా ఉండి చదువునీ స్నేహాలనీ దెబ్బతీస్తుంటే, ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత, నిగ్రహాల సమస్య ఉందేమో నిపుణులు తేల్చాలి. నెట్‌లో ప్రశ్నలు చూసి మీరే తేల్చుకోకండి. నిద్ర సరిచేసి, పైన చెప్పినవి రెండు మూడు నెలలు చేసినా మార్పు లేకపోతే పిల్లల డాక్టర్‌ను కలవండి, అవసరమైతే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వాళ్లే పంపిస్తారు. మనకు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్లు జంకుతారు, జంకాల్సిన పనేమీ లేదు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వాడు తనను తాను కొట్టుకున్నా, ‘చచ్చిపోతా’ లాంటి మాట అన్నా రెండు నెలలూ ఆగొద్దు, ఆ రోజే చూపించండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే మీరే అలసిపోతారు. ఈ వారం ట్యూషన్ మానిపించడం, మాట నిలబెట్టుకోవడం, ఈ రెండే. మొదటి కొన్ని రోజులు గొడవ పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. ఫోన్ వస్తుందో రాదో ఇంకాస్త గట్టిగా ఏడ్చి చూస్తాడు. అప్పుడు వెనక్కి తగ్గకండి.

ఇంక ఆ చెంపదెబ్బ. వారం దాటింది కదా, వాడు మర్చిపోయి ఉంటాడులే అనుకోకండి. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని చెప్పండి. ‘ఆ రోజు నిన్ను కొట్టాను. అది తప్పు. నాకు చాలా కోపం వచ్చింది, ఆపుకోలేకపోయాను. నేను కూడా నేర్చుకుంటున్నా’ అనండి. ‘కానీ నువ్వు కూడా...’ అని తోక తగిలించకండి, తగిలిస్తే ముందు చెప్పిందంతా కొట్టుకుపోతుంది. వాడు ఏమన్నా అంటే వినండి. ఏమీ అనకుండా లేచి కిందికి ఆడుకోవడానికి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. అన్నం వేళకి బాల్కనీలోంచి పిలవండి.